మొక్క ఇచ్చినవాళ్లకు చెప్పకూడని మాట

ఎవరైనా మొక్క ఇస్తే వాళ్లకు థాంక్స్ చెప్పకూడదనీ, చెబితే ఆ మొక్క బతకదనీ మా గోట్లండ్ దీవిలో అంటారు. ఇది నిజమా, వట్టి మాటా అన్న సందేహం పెళ్లయిన నాటినుంచీ నన్ను పట్టుకుని ఉంది.

మా అమ్మ దీన్ని నమ్మేది కాదు. మా పుట్టిల్లు దీవికి ఉత్తరపు కొసన, గాలికి చెట్లన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉండే చోట. తిన్న రొట్టెకూ పట్టిన చేపకూ దేవుడికి కృతజ్ఞత చెప్పాలని మాకు నేర్పిన మనిషి, మొక్క ఒక్కదానికీ చెప్పకూడదంటే ఊరుకుంటుందా? పక్కింటివాళ్లు అంటు ఇస్తే అమ్మ గట్టిగా, వీధిలోకి వినబడేలా థాంక్స్ చెప్పేది. ఆ అంటుల్లో కొన్ని బతికేవి, కొన్ని పోయేవి. చెప్పనివాళ్ల ఇళ్లలోనూ అంతే కదా అనేది.

అత్తవారి ఊరు వచ్చాక అమ్మలా ఆ నమ్మకాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేకపోయాను. ఒకసారి పాస్టరుగారినే అడిగాను. అప్పుడాయన మా పెరట్లోంచి గుల్‌వీవా దుబ్బు ఒకటి పట్టుకెళ్తున్నారు. వసంతంలో పసుపు గంటల్లా వేలాడే పూలు అవి.

"ఇవన్నీ పాతకాలపు అన్యుల నమ్మకాలమ్మా గున్వోర్. దేవుణ్ణి నమ్ముకున్న మనకెందుకు?" అన్నారాయన. అని, చేతిలో ఉన్న దుబ్బు వంక ఒకసారి చూసుకున్నారు. "అయినా ఇప్పుడు నేనేమీ అననులే," అని గేటు దాటి వెళ్లిపోయారు.

మా ఆయన రూనార్‌కు అక్క హిల్లెవీ. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ నడుమ ఒక రాతిగోడ, నా నడుము ఎత్తున. ఆవిడకు గొర్రెలున్నాయి, తెల్లటి నార దుప్పట్లున్నాయి. ఆ దుప్పట్ల తెలుపు గురించి మా ఊళ్లో పాటలు కట్టలేదు గానీ, కట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు.

నేను కాపురానికి వచ్చిన మొదటి వసంతంలో వదిన ఒక తడి గోనెసంచి మూట పట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. అందులో అడవి అంచున తవ్వి తెచ్చిన చిన్న విల్లో మొక్క ఉంది.

"గోడ పక్కన పాతుకో. ఏప్రిల్ మొదట్లో తుమ్మెదలకు ఇది తప్ప వేరే దిక్కుండదు," అంది.

అమ్మ పెంపకం కదా, నా పెదవులు కదిలాయి. వదిన ఒక్క అంగలో వచ్చి మట్టి చేత్తో నా నోరు మూసేసింది.

"ఊరుకో పిల్లా. అన్నావో, చచ్చిందే అది."

నా నాలుకకు మట్టి తగిలింది. నేనేమీ అనలేదు. ఆవిడ ముఖం అటు తిప్పుకుని మొక్క నా చేతిలో పెట్టింది, నేను పాతుకున్నాను.

ఆ మొక్క బతికింది. ఇంటి కప్పును దాటి ఎదిగింది. అది పోతు చెట్టు. తాటిచెట్లలో పోతూ పెంటీ ఉన్నట్టే విల్లోలోనూ ఉంటాయి. మార్చి చివర, గోడ నీడన ఇంకా మంచు పేరుకుని ఉన్నప్పుడే, ఆకులు లేని కొమ్మలనిండా బూడిదరంగు మొగ్గలు వచ్చేవి. వాటిని మేం పిల్లికూనలంటాం, పట్టుకుంటే అంత మెత్తగా ఉంటాయి. నాలుగు ఎండలు కాయగానే ఒళ్లంతా పసుపు పుప్పొడి. అప్పుడు వచ్చేవి రాణి తుమ్మెదలు. చలికాలమంతా మట్టిలోనూ ఆకుల కిందా ఒంటరిగా పడుకుని, ఖాళీ కడుపుతో లేచి, బరువుగా మూలుగుతూ వచ్చేవి. ఆ చెట్టు కింద నిలబడితే చర్చిలో ఆర్గాన్ మొదలవబోయే ముందు వచ్చే గాలి చప్పుడులా ఉండేది.

నా తోటంతా ఆ చెట్టు వెనకాలే పెంచుకున్నాను. విల్లో అయిపోయేసరికి లంగ్‌వర్ట్ పూయాలి, అది వాడేసరికి గుల్‌వీవాలు, ఆ తర్వాత ఎర్రపళ్ల కరంట్ పొదలు, ఆపైన ఆపిల్ చెట్లు. అన్నీ మా మట్టిలో మొదటినుంచీ ఉన్నవే, దుకాణంలో కొన్నది ఒక్కటీ లేదు. రాత్రుళ్లు గడ్డకట్టడం ఆగేదాకా నేను ఎండుకాడలు కోయను, రాలిన ఆకులు ఊడ్వను. వాటి కింద ఎవరు పడుకుని ఉన్నారో తెలియదు కదా. వదిన మార్చిలోనే నల్లమట్టి కనబడేదాకా ఊడ్చిపారేసేది.

"ఇంటికి చుట్టాలొస్తే ఏమనుకుంటారే? వీళ్లు గడ్డివాములో కాపురం చేస్తున్నారనుకోరూ?" అని గోడ అవతలినుంచి అరిచేది.

"చుట్టాలే వదినా, ఆ ఆకుల కింద పడుకున్నారు. మెల్లిగా అరవండి," అనేదాన్ని.

అప్పట్లో అవి ఉత్త మాటలు. కాఫీకి మళ్లీ ఆవిడే వచ్చేది.

నిరుడు మార్చిలో రూనార్‌కు తుంటి ఆపరేషన్ అయింది. విస్బీ పట్నం ఆసుపత్రిలో ఆయన, అక్కడే పినతల్లి కూతురి ఇంట్లో నేను. ఆయన కర్ర పట్టుకుని నడవగలిగాక బస్సులో తిరిగొచ్చాం. మలుపు తిరిగితే ముందుగా కనబడేది మా చెట్టు తలే. ఆ రోజు అక్కడ ఆకాశం కనబడింది.

రూనార్‌ను మంచం మీద కూర్చోబెట్టి పెరట్లోకి వెళ్లాను. గోడ పక్కన మొద్దు. కోసిన చోట ఎర్రగా, తడిగా ఉంది. మంచు మీద రంపపు పొట్టు. గోడ అవతల వదిన దండేనికి తాడు బిగిస్తోంది.

"వదినా, చెట్టేది?"

"కోశాను."

"ఎందుకు?"

"దూదికి. జూన్ వచ్చిందంటే ఆ చెట్టు దూది రాలి నా దుప్పట్లు గొర్రెల్లా తయారవుతున్నాయి. ఎన్నేళ్లు ఏరుకోమంటావు? నువ్వుంటే గొడవ చేస్తావని నువ్వు లేనప్పుడు కోశాను."

"అది మా చెట్టు."

"ఎవరిచ్చారే నీకది? అడవిలోంచి తవ్వి తెచ్చింది నేను. నేనిచ్చింది నేను తీసుకున్నాను. ఇన్నేళ్లలో దానికి ఒక్క థాంక్స్ చెప్పావా నువ్వు?"



"నా నోరు మూసింది మీరే కదా," అన్నాను.

"ఆ రోజు మూశాను. ఆ తర్వాత ఎవరు మూశారు?" అని ఆవిడ తాడు ముడి వేసుకుంది.

అప్పుడు నా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. దూది రాల్చేది పెంటి చెట్టు. పోతు చెట్టుకు గింజే ఉండదు, ఇక దూది ఎక్కడిది? వదిన దుప్పట్ల మీద ఏటేటా రాలుతున్నది ఆవిడ గొర్రెల కొట్టం వెనకాల ఉన్న విల్లోదే. గాలి అటునుంచే వీస్తుంది. ఏ పొట్టేలుకు ఏ గొర్రె పుట్టిందో చీకట్లో తడిమి చెప్పగల మనిషికి ఈ సంగతి తట్టలేదు.

చెప్పి ఉంటే ఆవిడ తెల్లబోయేది. బహుశా క్షమించమనేది కూడా. అక్కడితో అంతా అయిపోయేది. నాకు అయిపోవడం ఇష్టం లేదు. ఆ మాటను మింగేశాను. జూన్ రానీ అనుకున్నాను.

ఏప్రిల్‌లో తుమ్మెదలు వచ్చాయి. అంతకుముందు ఏడు పూలున్న ఎత్తులోనే, ఏమీ లేని గాలిలో, గుండ్రంగా తిరిగాయి. ఒకటి తిరిగి తిరిగి మొద్దు మీద దిగింది. కాసేపు నడిచింది. తర్వాత కదలలేదు. దాన్ని అరచేతిలోకి తీసుకుని ఊపిరితో వెచ్చచేశాను, తేనె చుక్క ముందు పెట్టాను. కాస్త లేచి గోడ దాటి ఎటో పోయింది. నా లంగ్‌వర్ట్ ఇంకా మొగ్గలోనే ఉంది. ఆకలితో వచ్చినవాళ్ల ముఖాన తలుపు వేసినట్టు అనిపించింది. వేసింది నేను కాదు. కానీ వాళ్లు వచ్చింది నా గుమ్మానికి.

ఆ ఏడాది ఆపిల్ చెట్లు పూశాయి గానీ కాయ సరిగా నిలవలేదు.

"పూత మీద మంచు పడింది," అన్నాడు రూనార్.

"మంచు కాదండీ, మీ అక్క."

చర్చిలో అందరం కలిసి చెప్పే ప్రార్థనలో, మాకు బాకీపడ్డవాళ్లను మేం వదిలేసినట్టే నువ్వూ మమ్మల్ని వదిలెయ్యమని దేవుణ్ణి అడిగే చోటు ఒకటుంది. అక్కడికి రాగానే నోరు మూసుకునేదాన్ని. వదలనిదాన్ని వదిలానని దేవుడి ముందు ఎలా అనను? అబద్ధమాడటం కన్నా ఊరుకోవడం మేలనుకున్నాను. అది మేలో కాదో ఇప్పటికీ తెలియదు.

"నీ గొంతు నడుమలో ఆగిపోతోందేమే?" అన్నాడు రూనార్ ఇంటికి వస్తూ.

"దగ్గు."

"ప్రతి ఆదివారం అదే మాట దగ్గర వస్తోందా దగ్గు?"

ఆయన కర్ర చప్పుడు వింటూ నడిచాను.

మే నెలలో గోడ మీదుగా చూస్తే వదిన బఠాణీ మడి కనబడింది. తీగలు పాకడానికి వరసగా పుల్లలు గుచ్చి ఉన్నాయి. ఆ బెరడు నాకు తెలుసు. నా చెట్టు కొమ్మల్ని నరికి, చెక్కి, నా కళ్ల ముందే ఊతపుల్లలు చేసుకుంది. ఆ రోజు వంటింట్లో నేను కోసిన ఉల్లిపాయలు నలుగురికి సరిపోతాయి. ఉన్నది ఇద్దరం.

జూన్ వచ్చింది. మిడ్‌సమ్మర్ పండక్కి చుట్టాలు వస్తారని వదిన ఉన్న దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది. పొడిగాలి వీస్తోంది. నేను కాఫీ కప్పు పట్టుకుని మా వెనక మెట్ల మీద కూర్చున్నాను. ఆ రోజు పని ఏదీ పెట్టుకోలేదు.

మొదట ఒకటీ అరా వచ్చింది. తర్వాత గుంపుగా వచ్చింది. తడి దుప్పట్ల మీద వాలి అతుక్కుపోయింది. వదిన ఒకటి పీకింది, రెండు పీకింది. అలవాటు కొద్దీ మా వైపు చూసింది. మా వైపు ఏముంది, ఆకాశం. అప్పుడు మెల్లిగా మెడ తిప్పి, గాలి వచ్చే వైపు, తన కొట్టం వెనక్కి చూసింది.

నేను కప్పు పైకెత్తాను.

"ఏం వదినా, ఇంకా మా చెట్టు దూదేనా?"

ఆవిడ చేతిలోని దూదిని కింద పారేసింది.

"మాది పోతు చెట్టు వదినా. పొట్టేలు ఎక్కడైనా ఈనుతుందా? మీరే చెప్పాలి, గొర్రెల సంగతి నాకేం తెలుసు?"

వదిన చెవులు ఎర్రబడ్డాయి. దుప్పట్లను దూదితోనే ఉండచుట్టి లోపలికి పట్టుకుపోయింది.

నేను అక్కడితో ఊరుకోలేదు. ఆదివారం చర్చి అయ్యాక కాఫీ బల్ల దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పాను. మా పక్కవీధి ఆస్తా నోట్లో ఏ మాటా ఆగదు. దుకాణంలో పదిమంది ముందు, "ఏం హిల్లెవీ, మీ పొట్టేలు ఈసారి ఎన్ని పిల్లల్ని పెట్టింది?" అని అడిగిందట. వదిన కొనవలసింది కొనకుండానే తిరిగొచ్చిందని విన్నాను. విని బాగానే నిద్రపోయాను. పొద్దున్నే లేచేసరికి ఇంకా కావాలనిపించింది.

ఆ వేసవిలో మొద్దునుంచి చిగుళ్లు వచ్చాయి. విల్లోను నరికినా మొండెం ఊరుకోదు. మూరెడు పొడవు కొమ్మలు లేచాయి. రెండు మూడేళ్లు ఓపిక పడితే మళ్లీ పూస్తుందని చుట్టూ కలుపు తీసి పెట్టాను. ఒకనాడు పొద్దున చూస్తే గోడలోని కర్రగేటు గొళ్లెం ఊడి ఉంది. వదిన గొర్రెలు మా పెరట్లో ఉన్నాయి. చిగుళ్లు లేవు. మొద్దు బెరడు కూడా చుట్టూ గీకి తినేశాయి.

"పిల్లలు. వాటికేం తెలుసు," అంది వదిన, కొమ్ములు తిరిగిన పొట్టేలును చెవి పట్టుకుని లాక్కుపోతూ. మా దీవిలో ఎంత ముదిరిన గొర్రెనైనా పిల్ల అనే అంటాం.

గొళ్లెం గాలికి ఊడిందో, ఆవిడ చేత్తో ఊడిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఆవిడే తీసిందనుకుంటే నాకు పనికొస్తుంది. ఆకురాలే కాలానికి మొద్దు ఎండి బీటలు వారింది.

అప్పుడు నాకు ఆ మాట గుర్తొచ్చింది. నోరు మూసి ఆపిన మాట.

మా ఊరికి ఉమ్మడి పూలబీడు ఒకటుంది. ఓక్ చెట్లూ హేజెల్ పొదలూ నడుమ పచ్చిక. ఏప్రిల్ చివర, తుమ్మెదలన్నీ లేచాక, ఇంటికొకరు చొప్పున వెళ్లి ఆ బీడులో రాలిన ఆకులు కర్ర పళ్ల గొర్రులతో లాగి కుప్పలు పోసి కాలుస్తాం. లేకపోతే కింద పూలు ఊపిరాడక పోతాయి. పని అయ్యాక అక్కడే భోజనం. భోజనం అయ్యాక ఆడవాళ్లు ఒకరికొకరు మొక్కలు ఇచ్చుకుంటారు. తడి గోనెలో చుట్టి ఇస్తారు. ఇచ్చేవాళ్లు ముఖం తిప్పుకోవాలి, పుచ్చుకున్నవాళ్లు నోరెత్తకూడదు, ఇంటికెళ్లేదాకా విప్పకూడదు. ఊళ్లో అందరికన్నా పెద్దదని వదిన ముందుగా ఇస్తుంది, ఒక్క ఇంటినీ వదలకుండా ఇస్తుంది. నన్ను వదిలితే ఊరంతా అడుగుతుంది. కాబట్టి ఇచ్చి తీరాలి.

ఇచ్చినప్పుడు నేను అనాలి. అందరూ వినేలా అనాలి. మా ఊళ్లో ఆ మాటకు అర్థం, నీ చేతి మొక్క నా మట్టిలో బతకక్కర్లేదు అని. బీడు పనులు చూసే బీర్గెర్ వాళ్ల నాయనమ్మ ఒకసారి తన చెల్లెలికి అలా అన్నదట. ఆ రెండిళ్లవాళ్లూ ఆ తర్వాత ఒక బల్ల దగ్గర కూర్చోలేదు.

చలికాలమంతా ఆ మాట అలవాటు చేసుకున్నాను. గొంతు వణకకూడదు, కోపం కనబడకూడదు, మర్యాదగా ఉండాలి.

"థాంక్స్ వదినా," అన్నాను ఒకరోజు వంటింట్లో.

"ఎవరితోనే?" అన్నాడు రూనార్ పక్కగదిలోంచి.

"బంగాళాదుంపలతో."

"దుంపలు నీకు వదినలెప్పుడయ్యాయే?" అన్నాడాయన.

అమ్మ చెప్పింది నిజమైతే అది ఉత్త మాట, దానితో ఎవరికీ దెబ్బ తగలదు. దెబ్బ తగలాలంటే వదిన నమ్మకం నిజం కావాలి. నమ్మకం లేనిదాన్ని ఆ నమ్మకం మీదే ఆశ పెట్టుకున్నాను. అది నాకు కనబడుతూనే ఉంది. అయినా మానలేదు.

ఆ రోజు పొద్దున గడ్డి మీద మంచుపొర ఉంది. ఎండ ఎక్కేసరికి కరిగింది. వరసగా నిలబడి ఆకులు లాగాం. ఆకుల కిందనుంచి నీలి అనిమోన్లు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఎవరో ఒకరు "ఇదుగో" అంటూనే ఉన్నారు. నేను వరసకు ఈ కొసన, వదిన ఆ కొసన. పొగ అందరి కళ్లలోకీ పోయింది. కళ్లు ఎర్రగా ఉంటే ఎవరూ ఏమీ అడగరు కదా అనుకున్నాను.

ఓక్ కింద బల్లలు వేశారు. గొర్రెమాంసం సూపు, రై రొట్టె, బీర్గెర్ ఇంట్లో కాచిన పొగవాసన బీరు, మేం డ్రిక్క అంటాం. పాస్టరుగారు రెండోసారి సూపు పోయించుకున్నారు. తర్వాత వదిన తన తోపుడుబండి దగ్గరికి వెళ్లింది.

ఆస్తాకు ఇచ్చింది. బీర్గెర్ కోడలికి ఇచ్చింది. అందరికీ ఇచ్చి ఆఖరున నా దగ్గరికి వచ్చింది. నాకు తెచ్చిన మూట మిగతావాటికన్నా పొడుగ్గా ఉంది. తడి గోనె, జనపతాడుతో కట్టింది. ఆవిడ ముఖం ఓక్ వైపు తిప్పుకుని మూట చాపింది.

నేను రెండు చేతులా అందుకున్నాను.

"థాంక్స్ వదినా," అన్నాను. గొంతు వణకలేదు. "చాలా థాంక్స్."

బీర్గెర్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఎవరి బిడ్డో ఏదో అడగబోతే తల్లి ఊరుకోమంది. వదిన గిరుక్కున తిరిగింది. ఆవిడ చెయ్యి నా నోటి దాకా లేచింది, వేళ్లకు మట్టి ఉంది, కానీ ఇక మూయడానికేముంది? ఆ చెయ్యి నా ముఖం ముందు అలాగే ఆగింది.

"ఏం చేశావే," అంది. అరవలేదు. "ఏం చేశావే పిల్లా. ఇటివ్వు. ఇటివ్వు దాన్ని."

మూటను లాగింది. నేను వదల్లేదు. తాడు జారి గోనె విడిపోయింది.

లోపల బొటనవేలంత లావు పుల్ల ఒకటి. అడుగున మట్టిముద్ద, ముద్దనిండా సన్నటి తెల్లటి వేళ్లు. పై కొసన మూడు నాలుగు పిల్లికూనలు. అందులో ఒకటి విచ్చుకుని పసుపు కనబడుతోంది. పోతు విల్లో. ఆ బెరడు నాకు తెలుసు.

"ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి, నీదే. బఠాణీలకు గుచ్చిన పుల్లల్లో ఇదొక్కటి వేరు పట్టింది. తీగలు పీకేసేటప్పుడు లాగితే రాలేదు." వదిన గొంతు బొంగురుగా ఉంది. "చలికి పోతుందని ఆకులు కప్పాను. నా పెరట్లో ఆకులెక్కడున్నాయి? మీ గోడ ఇవతలికి రాలినవి ఏరుకొచ్చి కప్పాను. కప్పి, ఇన్నాళ్లు కాపాడి తెస్తే, చంపావు కదే."

మొదట నాకు కలిగింది జాలి కాదు. కోపం. ఏడాదంతా పెంచుకున్నదాన్ని ఆవిడ ఒక తడి గోనెతో నా చేతుల్లోంచి లాగేసుకుందనిపించింది. ఆ తర్వాత ఆ పసుపు మొగ్గ మీద చూపు పడింది. భయం వేసింది. ఆ నమ్మకం లేని తల్లి కడుపున పుట్టినదాన్ని, ఒక పుల్ల చచ్చిపోతుందేమోనని అంతమందిలో చెమట పట్టి నిలబడ్డాను.

"పాస్టరుగారూ, మీరు చెప్పండి," అంది ఆస్తా. "ఇదంతా వట్టి నమ్మకమేనా?"

పాస్టరుగారు సూపు గిన్నెలోకి చూశారు. "నాటితే తెలుస్తుంది," అన్నారు.

వదిన ఇంకా గోనె అంచు పట్టుకునే ఉంది. ఆవిడ కళ్లు పొగకే ఎర్రబడ్డాయో, దేనికి ఎర్రబడ్డాయో. గొళ్లెం సంగతి నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. క్షమించమని ఆవిడ నోటివెంట రాదు, నాకు తెలుసు. క్షమించానని నా నోటివెంట కూడా అంత తేలిగ్గా రాదు.

"ఆ థాంక్స్ దీనికి కాదు," అన్నాను.

"మరి?"

"మీరు అడిగారుగా, ఇన్నేళ్లలో దానికి ఒక్క థాంక్స్ చెప్పావా అని. ఇది దానికి. ఆ పాత చెట్టుకు. మొదట అన్నది దానికే, రెండోసారి అన్నదీ దానికే. దీనికి నేనేమీ అనలేదు. అనను కూడా."

వదిన నా ముఖంలోకి చూసింది. తర్వాత బీర్గెర్ వైపు చూసింది, ఏదో తీర్పు చెప్పమన్నట్టు. ఆయన గరిటె కింద పెట్టాడు.

"చచ్చిన చెట్టుకు చెప్పొచ్చు హిల్లెవీ," అన్నాడు. "దానికింక పోయేదేముంది?"

"ముప్పై ఏళ్లు పట్టిందా నీకు?" అంది వదిన నాతో.

"చచ్చేదాకా చెప్పకూడదని మీరే కదా అన్నారు వదినా. చంపింది కూడా మీరే."

ఆస్తా నవ్వు ఆపుకోలేక డ్రిక్క గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన నవ్వలేదు. నా చేతిలోంచి పుల్లను తీసుకుంది. మట్టిముద్ద చెదరకుండా గోనె మళ్లీ చుట్టింది, తాడు బిగించింది, ముడి రెండుసార్లు వేసింది. ముఖం ఓక్ వైపు తిప్పుకుని మూట చాపింది.

నేను అందుకున్నాను. పెదవులు బిగబట్టి నిలబడ్డాను. రూనార్ దూరంనుంచి నన్నే చూస్తున్నాడు.

"పాత బాకీ ముట్టింది," అంది వదిన, ఓక్ చెట్టు వైపే చూస్తూ.